కొండమీద నీళ్ళు, గానుగ దగ్గర పాకం

తిరుమల కొండమీద నీళ్ళు తొందరగా మరుగుతాయి. పప్పు మాత్రం ఆలస్యంగా ఉడుకుతుంది. ఈ మాట ఎవరితోనైనా అని చూడండి. "కొండమీద చలి గదా, అందుకని" అనేవారు కొందరు. "అంతా స్వామివారి లీల" అని చేతులు జోడించేవారు కొందరు. చలికీ దీనికీ సంబంధం లేదు. లీల సంగతి నేను చెప్పగలవాణ్ణి కాను గాని, దీని వెనక ఉన్న కారణం మాత్రం చెప్పడానికి వీలైనదే.

మనమందరం ఒక గాలి సముద్రానికి అడుగున బతుకుతున్నాం. ఆ గాలి బరువు మన నెత్తిమీదా ఉంటుంది, పొయ్యిమీది ఎసరు మీదా ఉంటుంది. నీళ్ళు మరగడమంటే, లోపల పుట్టిన ఆవిరి పైనున్న గాలి నొక్కుడును తోసుకుని బుడగలుగా లేవడం. సముద్రతీరాన అందుకు 100 డిగ్రీల వేడి కావాలి. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. అక్కడ నెత్తిమీది గాలి పదో వంతు తక్కువ. నొక్కేవాడు మెత్తబడ్డాడు గనుక ఆవిరి 97 డిగ్రీలకే తలెత్తుతుంది. అక్కడినుంచి ఎంత మంట పెట్టినా నీళ్ళు ఇంకా వేడెక్కవు, ఆవిరై పోతుంటాయి, అంతే. పప్పు ఉడికేది నీళ్ళ వేడిని బట్టిగాని, బుడగల చప్పుడును బట్టి కాదు గదా! మూడు డిగ్రీలు తగ్గితే ఆ మేరకు ఆలస్యం.

గాలి బరువు చాలకపోతే మూత బిగించి మనమే బరువు పెట్టవచ్చునని కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశస్థుడు డెనిస్ పాపిన్. 1679లో ఆయన లండనులో రాయల్ సొసైటీ పండితులకు తన ఇనుప కుండను చూపించాడు. ఎముకలు కూడా మెత్తగా ఉడికాయట. ఆవిరి మితిమీరితే కుండ పగలకుండా ఒక బరువు మూతను కూడా ఆయనే అమర్చాడు. ఇవ్వాళ మన వంటింట్లో ఈల వేసే కుక్కరు తలమీది బరువుకు మూలపురుషుడు అదే.

తెలుగు పంతులుకు ఈ పొయ్యి గొడవ ఎందుకని పాఠకులకు అనుమానం రావచ్చు. నేను ఎమ్.ఏ. తెలుగులో చేసినవాణ్ణి. పాతికేళ్ళ కిందట కాలేజీలో విడిచిన సైన్సును మళ్ళీ ముట్టుకుంటానని అనుకోలేదు. నన్ను ఇందులోకి లాగినవాడు మా బంధువుల కుర్రవాడు. చిత్తూరుకు పడమటగా ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగులో చదివాడు, లెక్కల్లో దిట్ట. ఇంజనీరింగు రెండో ఏడు మెకానికల్ శాఖలో చేరేసరికి రెండు పేపర్లు తప్పాడు. ఒకటి థర్మోడైనమిక్సు, రెండోది ఫ్లూయిడ్ మెకానిక్సు. రెండూ మరుసటిసారి గట్టెక్కకపోతే మూడో ఏటికి పోనివ్వరు. ఇంకో ఏడాది హాస్టలు ఖర్చు భరించే శక్తి వాళ్ళ నాయనకు లేదు. "ఈసారి రాకుంటే బెంగళూరుకు పనికి పంపించేస్తా" అని ఆయన తేల్చేశాడు. వాడి తాత వాణ్ణి వెంటబెట్టుకుని తిరుపతిలో మా ఇంటికి వచ్చి, "అయ్యోరా, వీనికి బుద్ధి లేక గాదు, ఆ ఇంగిలీసు మింగుడు పడలేదు. ఆ మాటలన్నా కొంచెం తెలుగు చేసి చెప్పు" అన్నాడు.

మాటలు తెలుగు చెయ్యడం నా వృత్తే. కాని మాటకు అర్థం తెలియకుండా మాట మార్చడం వేషం మార్చడమే. అందుకని మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి పట్టుకున్నాను. సాయంకాలాలు ముగ్గురం కూర్చున్నాం. ఆ రెండు నెలలు నా ఉద్యోగ జీవితంలో మంచి రోజులు.

మొదటి మాట దగ్గరే ముడి పడింది. "ఫ్లూయిడ్ అంటే ద్రవం గదా సార్, మరి గాలిని కూడా ఫ్లూయిడ్ అంటారేమి?" అన్నాడు కుర్రవాడు. ఏడాదిపాటు తరగతిలో కూర్చున్నా ఈ సందేహం ఎవరూ తీర్చలేదు, వాడూ అడగలేదు. వాడు చదివే కాలేజీ పేరు చెప్పను. అక్కడ తరగతిలో తెలుగులో నోరు విప్పితే వెక్కిరింత ఎదురవుతుందట. పారేదేదైనా ఫ్లూయిడే. నీళ్ళు పారతాయి, గాలీ పారుతుంది. గట్టి వస్తువును పక్కకు నెడితే కాస్త వంగి నిలబడుతుంది. వీటిని నెడితే నిలబడవు, నెడుతున్నంతసేపూ జరుగుతూనే ఉంటాయి. తెలుగు అకాడమీ పుస్తకాలవారు దీనికి "ప్రవాహి" అని చక్కని మాట పెట్టారు. ద్రవం వేరు, ప్రవాహి వేరు. ఈ ఒక్క మాట చెప్పగానే వాడి పుస్తకంలో సగం వాక్యాలు వాటంతటవే విడిపోయాయి.

పారిభాషిక పదాలంటే మనవాళ్ళకు ఒక భయం, ఒక ఎగతాళి. ఇంగ్లీషు మాటలు ఆకాశంనుంచి ఊడిపడ్డాయనీ, మనవి మాత్రం కుట్టి తగిలించినవనీ అనుకుంటారు. వాళ్ళవీ కుట్టినవే. "గ్యాస్" అనే మాటను పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన గ్రీకు "కేయాస్"లోనుంచి లాగాడు. "ఎంట్రోపీ"ని 1865లో జర్మన్ పండితుడు క్లాసియస్ పనిగట్టుకుని చేశాడు. "మలుపు" అనే అర్థమున్న గ్రీకు మాటను తీసుకుని, "ఎనర్జీ"కి తోబుట్టువులా వినిపించేటట్టు చెక్కాడు. ప్రాచీన భాషలోనుంచి తెస్తే అన్ని దేశాలవారికీ ఒకే మాట పనికివస్తుందని ఆయన ఉద్దేశం. మనం సంస్కృతం దగ్గరకు పోయినట్టే ఆయన గ్రీకు దగ్గరకు పోయాడు.

దేశభాషలో ఇంజనీరింగు చెప్పడం అసాధ్యమనేవారికి హైదరాబాదు కథ గుర్తు చెయ్యాలి. 1918లో అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనాభాషగా మొదలైంది. పుస్తకాలు లేవు గదా అని కూర్చోక, అంతకు ముందు ఏడే అనువాద విభాగం ఒకటి తెరిచారు. 1929లో ఇంజనీరింగు కళాశాల కూడా వచ్చింది. మన తెలుగులో కొమర్రాజు లక్ష్మణరావుగారి విజ్ఞానచంద్రికా మండలి 1906 నుంచే శాస్త్ర గ్రంథాలు అచ్చువేసింది. తెలుగు అకాడమీ 1968లో పుట్టింది. ఇంజనీరింగు దాకా మాత్రం చాలాకాలం ఎవరూ రాలేదు. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతితో దేశంలో 14 కళాశాలలు హిందీ, తమిళం, తెలుగు, మరాఠీ, బెంగాలీ భాషల్లో ఇంజనీరింగు చెప్పడానికి ముందుకు వచ్చాయి. మంచిదే. అయితే అనువాదం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. "అడయబాటిక్" అన్నా భయమే, "స్థిరోష్ణక ప్రక్రియ" అన్నా భయమే. సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగు చెయ్యి పెట్టలేనంతగా ఎందుకు కాలుతుందో అడిగితే ఆ భయం పోతుంది.

గాలిని గబగబా నొక్కాం. వేడి బయటకు పోయే వ్యవధి లేదు. మనం చేసిన పని అంతా లోపలే వేడిగా నిలిచింది. దీన్నే తిరగేస్తే మళ్ళీ మన కొండ. తిరుపతిలో గాలి కొండెక్కుతున్నకొద్దీ పైన నొక్కేది తగ్గి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడమంటే చుట్టూ ఉన్నదాన్ని తోసి పని చెయ్యడం. ఆ పనికి ఖర్చు తన ఒంట్లోని వేడినుంచే పెట్టుకోవాలి. అందుకే కింద ఎండ మండిపోతుంటే కొండమీద నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది. సూర్యుడికి దగ్గరైతే వేడెక్కాలి గదా అని చిన్నప్పుడు మనందరం అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. కుర్రవాడు ఇది విని, "ఇది ఫస్ట్ లా గదా సార్!" అన్నాడు. సూత్రం వాడికి కంఠతా వచ్చు. అది ఏమి చెబుతున్నదో ఆ సాయంకాలం తెలిసింది.

ఒక ఆదివారం మేము ముగ్గురం వాళ్ళ ఊరికే పోయాం. గానుగాట రోజులు. మా చిత్తూరు వైపు బెల్లం వండే పొయ్యి చూడనివారికి అది వర్ణించి చెప్పాలి. నేలలో తవ్విన పెద్ద పొయ్యి, దానిమీద మనిషి చేతులు చాచినంత వెడల్పు పెనం, అందులో చెరుకుపాలు సలసలా కాగుతూ ఉంటాయి. మడ్డి తేలుతుంటే ఒకాయన తీసి పారబోస్తుంటాడు. ఇంకొకాయన పొయ్యిలోకి ఎండుపిప్పి తోస్తూ ఉంటాడు. ఊరంతా తియ్యటి పొగ.

నూరు కిలోల చెరుకుపాలకు వచ్చే బెల్లం పది పన్నెండు కిలోలు. తక్కినదంతా నీళ్ళు, ఆవిరై పోవాల్సిందే. కిలో నీళ్ళను 30 డిగ్రీలనుంచి మరిగే దాకా తేవడానికి 70 కిలోకేలరీలు చాలు. మరిగిన నీళ్ళను ఆవిరి చెయ్యడానికి ఇంకా 540 కావాలి! ఈ 540 పెడుతున్నంతసేపూ వేడి కొలిచే గొట్టంలో పాదరసం కదలదు. ఎక్కడికి పోయిందో తెలియని వేడి గనుక దీనికి గుప్తోష్ణమని పేరు. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషిని అడిగితే, "కాగేదాకా సులువే సామీ. కాగినాకే పిప్పి తినేస్తాది" అన్నాడు. పుస్తకంలో అధ్యాయం మొత్తం ఆ రెండు వాక్యాల్లో ఉన్నది. పిప్పిని ఎందుకు ఎండబెడతారో కూడా ఇందులోనే తెలుస్తుంది. తడిపిప్పి మండితే, మొదట దానిలోని నీళ్ళే ఆ గుప్తోష్ణాన్ని కాజేస్తాయి. పెనానికి మిగిలేది తక్కువ.

చివరి ఘట్టం చూడదగ్గది. నీళ్ళు పోయేకొద్దీ పాలలో చక్కెర చిక్కబడుతుంది. మరిగే వేడి కూడా 100 దాటి పైకి పోతుంది. దించే సమయానికి అది 118, 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ వేడి కొలిచే గొట్టం ఏదీ లేదు. పాకం చూసే పెద్దాయన చిటికెడు తీసి నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య నలిపి, "దించండి" అంటాడు. ఒక్క నిమిషం ముందయితే బెల్లం గట్టిపడదు, తరవాతయితే మాడిపోతుంది. మా మిత్రుడు జేబులోనుంచి వేడి కొలిచే సాధనం తీసి ఆ క్షణంలో పెట్టి చూశాడు. 119. పెద్దాయన దానికేసి చూడనైనా లేదు. మా తెలుగువాళ్ళం కవిత్వంలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని పాఠాలు చెబుతాం గాని, అసలు పాకం దగ్గర నిలబడ్డవాళ్ళం ఎందరం?

పాకం చిక్కదనానికి శాస్త్రంలో పేరు స్నిగ్ధత. దీనిమీద నాకు ప్రత్యేకమైన మక్కువ. స్నిగ్ధమంటే జిడ్డుగా, నునుపుగా ఉండేది, ప్రేమగలదీ స్నిగ్ధమే. స్నేహమంటే నూనె, స్నేహమంటే చెలిమి. ఆ మాటకు వికృతే మన నెయ్యం. ప్రవాహిలో ఒక పొర జరిగిపోతుంటే పక్కపొర పట్టుకుని వెనక్కి లాగుతుంది. ఆ పట్టే స్నిగ్ధత. తేనెలో ఎక్కువ, నీళ్ళలో తక్కువ, గాలిలో మరీ తక్కువ. ఇంగ్లీషు "విస్కాసిటీ"కి మూలమైన లాటిన్ మాట ఒక చెట్టు జిగురుకు పేరు. ఈ ఒక్కచోట మన మాటే అందంగా ఉందని కుర్రవాడి చేత కూడా ఒప్పించాను. అయితే "బాష్పీభవనం" దగ్గర వాడు నన్ను పట్టేశాడు. "బాష్పమంటే కన్నీళ్ళు గదా సార్. పరీక్ష హాల్లో మాకు రెండూ జరుగుతాయి" అన్నాడు.

స్నిగ్ధత పట్టు ఉన్నంతకాలం పారకం బుద్ధిగా పొరలు పొరలుగా ఉంటుంది. వేగం హెచ్చితే పట్టు తప్పి సుళ్ళు తిరుగుతుంది. 1883లో ఆస్బర్న్ రేనాల్డ్స్ మాంచెస్టరులో గాజుగొట్టంలో రంగు తీగ వదిలి, అది ఎప్పుడు తెగి కలగాపులగమవుతుందో చూపించాడు. ఈ సుళ్ళను ఆకాశంలో చూసే చోటు మన దగ్గరే ఉన్నది. తిరుపతినుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన శాలలో 1024 ఏంటెనాలు పొలంలో పైరులాగా బారులు తీరి నిలబడి ఉంటాయి. అవి పైకి పంపిన రేడియో తరంగాలు గాలి సుళ్ళకు తగిలి కొంచెం వెనక్కి వస్తాయి. దాన్నిబట్టి మైళ్ళ ఎత్తున గాలి ఎటు పారుతున్నదో లెక్కకడతారు. బస్సులో పోతూ దాని పక్కగా వేలమంది విద్యార్థులు వెళ్ళి ఫ్లూయిడ్ మెకానిక్సు పరీక్ష రాసి వస్తుంటారు. ఆ పారే ప్రవాహి తలమీదే ఉన్నదని ఎవరైనా చెబితే గదా!

ఇక కొండమీద నీళ్ళ సంగతి. పాపవినాశనం, గోగర్భం ఆనకట్టల నీళ్ళు కొండమీదివే. చాలనప్పుడు కింద చంద్రగిరి వైపున్న కల్యాణి ఆనకట్టనుంచి పైకి తోడుతారు. ఎత్తు తేడా సుమారు 690 మీటర్లనుకుందాం. అంత పొడవు నీటిస్తంభం అడుగున గొట్టం గోడమీద పడే బరువు చదరపు సెంటీమీటరుకు 69 కిలోలు. ఒక గోటిమీద నిండుమనిషి నిలబడినట్టు. ఇంత ఎత్తుకు ఒక్క దెబ్బన తోయడంకంటే దశలుగా విడగొట్టి ఎక్కించడమే ఇంజనీర్ల ఆనవాయితీ.

ఇప్పుడొక విచిత్రమైన లెక్క. ఒక లీటరు నీళ్ళను ఆ 690 మీటర్లూ ఎక్కించడానికి పట్టే శక్తి ఎంత? అదే శక్తితో ఆ లీటరునే వేడిచేస్తే ఎన్ని డిగ్రీలు పెరుగుతుంది? తరగతిలో అడిగితే యాభై అన్నవారున్నారు, నూరు అన్నవారున్నారు. జవాబు ఒక డిగ్రీన్నర చిల్లర, 1.6. ఏడుకొండలూ ఎక్కిన శక్తి ఆ నీళ్ళకు గోరువెచ్చదనం కూడా తేలేదు! ఈ మారకపు రేటు కనిపెట్టినవాడు మాంచెస్టరు దగ్గర బీరు తయారుచేసేవారి బిడ్డ జేమ్స్ జూల్. 427 కిలోల బరువును మీటరు ఎత్తడమూ, కిలో నీళ్ళను ఒక డిగ్రీ వేడిచెయ్యడమూ సమానమని ఇవ్వాళ లెక్క. 1847లో ఆయన కొత్త పెళ్ళికూతుర్ని వెంటబెట్టుకుని ఆల్ప్స్ కొండలకు పోయి, చేతిలో వేడి కొలిచే గొట్టంతో జలపాతాలు వెదుకుతూ తనకు ఎదురయ్యాడని థామ్సన్ పండితుడు చెప్పుకున్నాడు. పైనుంచి పడ్డ నీళ్ళు కింద కొంచెం వెచ్చగా ఉండాలని ఆయన వాదం. ఆ పిచ్చి పెద్దమనిషి మన తలకోనకు వచ్చి ఉంటే 270 అడుగుల ధార కింద డిగ్రీలో అయిదో వంతు వేడి కోసం వెదికేవాడు. ఆ చల్లని నీటి తుంపరలో అది దొరికేది కాదు లెండి.

లెక్కను తిరగవేసి కుర్రవాడు ఒక ప్రశ్న వేశాడు. కిలో నీళ్ళను పూర్తిగా ఆవిరి చెయ్యడానికి 610 కిలోకేలరీలు. లీటరును కొండెక్కించడానికి 1.6. అంటే పెనంలో ఒక కిలో నీళ్ళు ఆవిరయ్యే వేడితో 370 లీటర్లకు పైగా తిరుమలకు చేర్చవచ్చునా? చేర్చలేం. ఇక్కడే రెండో సూత్రం అడ్డం వస్తుంది. పనిని మొత్తంగా వేడిగా మార్చవచ్చు. వేడిని మొత్తంగా పనిగా మార్చడం కుదరదు. 1824లో ఇరవై ఎనిమిదేళ్ళ సాదీ కార్నో ఈ సంగతి పట్టుకున్నాడు. నీరు ఎత్తునుంచి పల్లానికి పడితేనే చక్రం తిరుగుతుంది. వేడి కూడా వేడిచోటినుంచి చల్లచోటికి పడితేనే యంత్రం తిరుగుతుందన్నాడు. పల్లం లేని పారకం లేదు. కడప జిల్లా ముద్దనూరు దగ్గరి రాయలసీమ తాపవిద్యుత్కేంద్రంలో ఆకాశమంత ఎత్తున నిలబడ్డ చల్లార్చే బురుజులు చూసి, ఇంత ఆవిరిని ఊరకే వదిలేస్తున్నారే అని మనం బాధపడతాం. ఆ వదలడం లేకపోతే చక్రమే తిరగదు. అట్లాంటి కేంద్రాల్లో బొగ్గు వేడిలో మూడో వంతు కరెంటయితే బాగా నడుస్తున్నట్టే.

వేడిని పనిగా మార్చకుండా వేడిగానే వాడుకుంటే ఈ బాధ లేదు. 2002లో తిరుమలలో అన్నప్రసాదం వంటశాల కోసం పెట్టిన సూర్యరశ్మి ఆవిరి ఏర్పాటు ఇట్లాంటిదే. 106 అద్దాల పళ్ళేలు సూర్యుణ్ణి వెంబడిస్తూ తిరిగి, నీళ్ళను 180 డిగ్రీల ఆవిరి చేసేవి. రోజుకు నాలుగు టన్నుల ఆవిరి, 15 వేలమందికి వంట అని లెక్కగట్టి కట్టారు. మంట గిన్నెను ఒకచోట మాడుస్తుంది. ఆవిరి అట్లా కాదు. చల్లగా ఉన్న చోటికే పోయి, అక్కడే నీరై, తాను దాచుకున్న ఆ గుప్తోష్ణాన్ని అక్కడే దించుతుంది. ఎక్కడ అవసరమో వెదుక్కుని పోయి ఇచ్చేవాడన్నమాట. పైగా మూసిన గొట్టంలో నొక్కిన ఆవిరి గనుక కొండ ఎత్తు తెచ్చిన ఆ మూడు డిగ్రీల తరుగు కూడా దీనికి లేదు.

గానుగ దగ్గరనుంచి తిరిగి వస్తూ ఆ పెద్దాయన పాత బావి దగ్గర కాసేపు కూర్చున్నాం. ఇప్పుడది ఎండిపోయి ముళ్ళకంపతో నిండి ఉన్నది. ఆయన చిన్నప్పుడు కపిల తోలేవారట. ఎద్దులు ఏటవాలుగా దిగుతుంటే తోలుబాన నీళ్ళతో పైకి వచ్చేది. తరవాత కరెంటు మోటారు బావి గట్టుమీద పెట్టారు. 1980ల కరువులో నీళ్ళు ముప్పై అయిదు అడుగుల కిందికి పోయాయి. మోటారు రొద పెడుతున్నది గాని నీళ్ళు రావు. మూడు గుర్రాల మోటారు చాలదన్నారు. ఆవును అమ్మి అయిదు గుర్రాలది తెచ్చాడు. చుక్క రాలేదు. అప్పు చేసి ఏడున్నర తేబోతుంటే ఒక ముసలి మేస్త్రీ వచ్చి చూసి, "మోటరు పీకదు నాయనా, తోస్తాది. దాన్ని నీళ్ళకాడికి దించు" అన్నాడట. బావిలో రెండు దూలాలు వేసి మోటారును దించగానే పాత మూడు గుర్రాలదే తడారకుండా పారించింది.

కుర్రవాడు తాత నోట ఈ కథ వందసార్లు విన్నాడు. కాని ఆనాడు మాత్రం ఒక్కసారి తలెత్తి, "పదీ పాయింట్ మూడు మీటర్లు!" అన్నాడు. నీళ్ళను పైకి లాగేది మోటారు కాదు. గొట్టంలో గాలి తీసేస్తే, బావిలోని నీళ్ళమీద కూర్చున్న గాలి తన బరువుతో వాటిని గొట్టంలోకి తోస్తుంది. ఆ గాలి మొత్తం బరువు 34 అడుగుల నీళ్ళకు సరి. అంతకు మించి ఎన్ని గుర్రాలు కట్టినా రాదు. వాడుకలో ఇరవై, ఇరవై రెండు అడుగులు వస్తే గొప్ప. మదనపల్లె వంటి ఎత్తు ప్రదేశంలో ఇంకా తగ్గి, పైలెక్కే 31 అడుగులు. ఇటలీలో పంపులు 18 మూరలు దాటి నీళ్ళు ఎత్తడంలేదని గెలీలియో 1638 నాటి పుస్తకంలో రాశాడు. ఎందుకో ఆయనకు తేలలేదు. ఆయన శిష్యుడు తోరిచెల్లీ అయిదేళ్ళ తరవాత నీళ్ళకు బదులు బరువైన పాదరసం తీసుకుని, అది 76 సెంటీమీటర్ల దగ్గర ఆగడం చూసి, గాలిని తూచాడు. గెలీలియోకు అందనిది మా ఊరి మేస్త్రీకి అందిందని అనను. అయితే తాత ఆవు విలువ ఆ 34 అడుగుల్లో ఉన్నదని మాత్రం అనగలను.

తాత అంతా విని, "ఇది ముందే పుస్తకంలో ఉండెనా?" అని అడిగాడు. ఉన్నదన్నాం. "ఎన్నేండ్లనుంచి?" అన్నాడు. మూడువందల ఎనభై ఏళ్ళనుంచి అని చెప్పడానికి మా మిత్రుడికి నోరు రాలేదు. నేనే చెప్పాను. ఆయన ఏమీ అనలేదు.

ఇప్పుడు అందరివీ బోర్లు. మోటారును నీళ్ళ అడుగునే దించి పైకి తోయిస్తున్నారు గనుక 34 అడుగుల హద్దు వీటికి లేదు. హద్దు లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు వేరు. మా వైపు వెయ్యి అడుగులు దాటిన బోర్లున్నాయి. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు. తిరుమలకు నీళ్ళు ఎక్కించే ఆ 690 మీటర్లలో సగానికి కాస్త తక్కువ. అంత లోతునుంచి తోడే రైతు తన టమాటా మడికి పారే ప్రతి లీటరునూ అరకొండ ఎక్కిస్తున్నాడన్నమాట. గొట్టం ఇరుకైతే, లోపల తుప్పు పట్టితే, స్నిగ్ధతా సుళ్ళూ కలిసి ఇంకొంత పట్టుకుంటాయి. కుర్రవాడు అక్కడికక్కడే వాళ్ళ నాయన బోరుకు లెక్క వేశాడు. నీటిమట్టం ఇంత, గొట్టం వెడల్పు ఇంత, నిమిషానికి వచ్చే నీళ్ళు ఇన్ని. వేసి, వెడల్పు గొట్టం మారిస్తే గుర్రాల్లో ఒకటి మిగులుతుందన్నాడు. వాళ్ళ నాయన అంతదాకా మామీద పెద్దగా నమ్మకం లేనట్టు దూరంగా నిలబడి ఉన్నవాడు, దగ్గరకు వచ్చి ఆ కాగితం తీసుకున్నాడు. "గొట్టం ఎంతవుతాదో అది గూడా రాయి" అన్నాడు.

పరీక్షలు అయిపోయాయి. ఫ్లూయిడ్ మెకానిక్సు గట్టెక్కింది. థర్మోడైనమిక్సు ఫలితం ఈ వారం రావాలి. ఎంట్రోపీ మీద వచ్చిన ప్రశ్నకు గానుగ పొయ్యి ఉదాహరణ రాశానని, దిద్దేవారు ఒప్పుకుంటారో లేదోనని వాడు ఫోనులో అంటున్నాడు. బోరు గొట్టం మాత్రం మార్చారు.